కొత్త లారీకి మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగాయి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కొంత పొడవైనది. మిగిలిన వాటికి కావలసిన వివరాలలో చాలా భాగం అందులోనే ఉన్నందున దానిని అందరూ చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: మాది కోదాడ. మా నాన్నగారి కాలం నుంచి లారీలే మాకు జీవనాధారం. ఈ ఏడాది అప్పు చేసి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) పన్నెండు టైర్ల లారీ ఛాసిస్ (బాడీ కట్టని బండి) కొన్నాను. దానిని జంషెడ్‌పూర్ నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి విజయవాడ ఆటోనగర్‌కు రోడ్డు మీదే నడుపుకుంటూ తెచ్చారు. బాడీ కట్టించడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు జూన్ నెల సగం గడిచింది, మీటరు 1,800 కిలోమీటర్లు చూపిస్తున్నది. నాన్నగారి దగ్గర ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న మేస్త్రీ గారు, కొత్త బండికి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ దించేయాలని, ఇప్పటికే ఆలస్యమైందని అంటున్నారు. షోరూమ్ వారు మాత్రం సర్వీసు పుస్తకం చూపించి, 20,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలని, అంతవరకు ముట్టుకోనక్కరలేదని చెబుతున్నారు. గేజీ తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉన్నది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

జవాబు: ముందుగా మేస్త్రీ గారి మాట గురించి చెప్పాలి, ఎందుకంటే దానిని కాలం చెల్లిన మాటగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆయన ఆ నియమాన్ని నేర్చుకున్నది షెడ్డులో. బోరు అరిగిన ఇంజన్‌ను లేతు షాపుకు పంపి, కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి తిరిగి బిగించినప్పుడు, ఎంత శ్రద్ధగా కడిగినా ఆయిల్ దారుల మూలల్లో సిలిండర్ గోడను సానబట్టే హోనింగ్ రాయి పొడి, ఇనుప రజను, తుడిచిన గుడ్డ పోగులు ఎంతో కొంత మిగిలిపోతాయి. అటువంటి ఇంజన్‌కు 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఆయిలూ ఫిల్టరూ మార్చడం ఈనాటికీ సరైన పనే. మీ పాత లారీకి రేపు ఇంజన్ పని చేయించవలసి వస్తే, ఆ విషయంలో మేస్త్రీ గారి మాటనే పాటించండి.

కర్మాగారం నుంచి వచ్చిన ఇంజన్ సంగతి వేరు. సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉంటే ఆయిల్ నిలవదు కాబట్టి, దాని మీద ఒకదానినొకటి కోసుకుంటూ పోయే సన్నని గీతలు గీస్తారు. ఆ గీతల అంచులకు ఉండే మొనలు పిస్టన్ రింగుల రాపిడికి మొదటి గంటలలోనే అరిగిపోతాయి. బేరింగులు, క్యామ్, టైమింగ్ గేర్ల పళ్లు కూడా ఒకదానికొకటి ఒదిగే క్రమంలో కొంత లోహాన్ని రాలుస్తాయి. ఇది లోపం కాదు, కొత్త ఇంజన్‌కు సహజమైన స్థితి. ఆ రాలడం మొదట్లో ఎక్కువగా ఉండి, తర్వాత వేగంగా తగ్గి, ఒక నిలకడకు వస్తుంది. ఈనాటి కర్మాగారాలలో ఆ మొనలను ముందుగానే చదును చేస్తారు, ఇంజన్ దిమ్మను అధిక పీడనంతో కడుగుతారు, ఇంజన్‌ను పరీక్షించిన తర్వాతనే ఛాసిస్‌కు ఎక్కిస్తారు. షెడ్డులో బిగించిన ఇంజన్ వెయ్యి కిలోమీటర్లు నడిచాక బయటపడే మురికిలో ఎక్కువ భాగం ఇక్కడ ముందుగానే పోతుంది.

గడువు పెరగడానికి మరో కారణం డీజిల్‌లోనే ఉన్నది. ఇంధనంలోని గంధకం కాలినప్పుడు ఆమ్లాలు పుడతాయి, వాటిని విరిచే పనిలోనే ఆయిల్‌లోని క్షార గుణం ఖర్చవుతుంది. బీఎస్-2 డీజిల్‌లో గంధకం పదిలక్షల భాగాలకు 500 భాగాల వరకు ఉండవచ్చు. బీఎస్-3లో ఆ పరిమితి 350, బీఎస్-4లో 50. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన బీఎస్-6లో అది 10 మాత్రమే. మేస్త్రీ గారు వయసులో ఉన్నప్పుడు పోసిన డీజిల్‌కూ ఈ రోజు మీరు పోస్తున్న డీజిల్‌కూ మధ్య ఇంత తేడా ఉన్నది. ఆయిళ్ల తయారీ కూడా ఈ కాలంలో చాలా మెరుగుపడింది. కనుక పుస్తకంలో రాసిన పెద్ద అంకె షోరూమ్ వారు గాలిలోంచి తీసినది కాదు.

అయితే మొదటి ఆయిల్‌ను ఎంతకాలమైనా ఉంచవచ్చునని దీనికి అర్థం కాదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజన్ ఆయిల్ ఫిల్టరు సాధారణంగా 20, 30 మైక్రాన్లకు పైబడిన రేణువులను బాగా పట్టుకుంటుంది, అంతకంటే చిన్నవాటిలో చాలా భాగం దాని గుండా సాగిపోతాయి. లోడు మీద ఉన్నప్పుడు బేరింగుకూ క్రాంకుకూ మధ్య నిలిచే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఫిల్టరుకు దొరకనంత సన్నగా, ఆయిల్ పొరను దాటి గీరగలిగేంత లావుగా ఉండే రేణువులు బయటకు పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి ఆయిల్ దించడమే. అందువల్ల పుస్తకంలోని గడువును చివరి హద్దుగా చూడండి. దానిని దాటించవద్దు, తగిన కారణం ఉన్నప్పుడు దానికి ముందే మార్చడానికి వెనుకాడవద్దు.

ఆయిల్ నల్లబడటం మాత్రం అటువంటి కారణం కాదు. డీజిల్ ఇంజన్‌లో మసి పుట్టక తప్పదు. ఆ మసిని గోడలకు, రింగుల గాడులకు అంటనీయకుండా తనలో తేల్చి ఉంచుకోవడం మంచి ఆయిల్ లక్షణం, అందుకే కొత్తగా పోసినది కూడా కొన్ని వందల కిలోమీటర్లలోనే రంగు మారుతుంది. భయపడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. ఆయిల్ మజ్జిగ కలిపినట్లు తెల్లబారితే నీళ్లు చేరాయని అర్థం. గేజీ మీద మట్టం పైగీతను దాటి పెరుగుతూ ఉంటే, వేలికి పలుచగా తగిలి డీజిల్ వాసన వేస్తుంటే, ఇంధనం దిగుతున్నదని అర్థం. ఆయిల్ తగ్గలేదు, పైగా పెరిగింది అని సంతోషించిన యజమానులను నేను చూశాను. అది సంతోషించవలసిన విషయం కాదు, ఆ రోజే వర్క్‌షాపులో చూపించవలసిన విషయం.

ఇక మీ లారీ గురించి ప్రత్యేకంగా చెప్పవలసినది ఉన్నది. మేస్త్రీ గారూ షోరూమ్ వారూ ఇద్దరూ మీటరు వైపే చూస్తున్నారు, ఆరు నెలలు అన్న మాటను ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్లు లేదు. ఛాసిస్ పత్రాలలోనూ పలక మీదా తయారైన నెల ఉంటుంది, దానిని చూడండి. వారంటీ గడువులు సాధారణంగా అమ్మిన తేదీ నుంచి మొదలవుతాయి. ఆయిల్ వయసు మాత్రం కర్మాగారంలో పోసిన రోజు నుంచే మొదలవుతుంది. మీరు రాసిన దానిని బట్టి, రవాణాకు, రిజిస్ట్రేషన్ పనులకు, బాడీకి పట్టిన కాలమంతా కలిపితే ఐదు నెలలు దాటి ఉండవచ్చు.

ఆ ఐదు నెలలు ఇంజన్ ఎలా గడిపిందన్నది ఇంకా ముఖ్యం. జంషెడ్‌పూర్ నుంచి వచ్చేటప్పుడు అది వట్టి ఛాసిస్, లోడు లేదు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు గట్టిగా ఆనాలంటే వాటి వెనుక మండే వాయువుల ఒత్తిడి ఉండాలి, ఆ ఒత్తిడి లోడు మీదనే వస్తుంది. వట్టి ఛాసిస్ ఎంత దూరం నడిచినా రింగులు పూర్తిగా ఒదగవు. ఆటోనగర్‌లో ఉన్న మూడు నెలలలో వెల్డింగ్ షాపు నుంచి వడ్రంగం దగ్గరికి, అక్కడి నుంచి పెయింటింగ్‌కు జరపడానికి బండిని ఎన్నో సార్లు స్టార్ట్ చేసి, రెండు మూడు నిమిషాలలో ఆపేసి ఉంటారు. ఇంజన్‌కు ఇంతకంటే చెడ్డ నడక మరొకటి లేదు. చల్లని ఇంజన్‌లో పూర్తిగా కాలని డీజిల్ గోడల వెంట కిందికి దిగుతుంది, దహనంలో పుట్టిన నీటి ఆవిరి ఆయిల్ నిలిచే అడుగు తొట్టి అయిన చాంబర్‌లోనే చెమ్మగా మారుతుంది, ఆయిల్ వేడెక్కి వాటిని ఆవిరి చేసేలోపే తాళం తీసేస్తారు. మీటరు మీద ఈ మూడు నెలలూ పది కిలోమీటర్లు కూడా చూపించవు.

కాబట్టి నా సలహా ఇది. గేజీ తీసి పైన చెప్పిన చెడు గుర్తులు చూడండి. అవి ఉంటే లోడు ఎత్తక ముందే వర్క్‌షాపుకు తీసుకువెళ్లి, కారణం తెలుసుకుని, ఆయిల్ మార్పించండి. లేనట్లయితే ఇప్పుడే దించవద్దు. అనుమతించిన బరువుకు మించకుండా రెండు మంచి లోడులు వేయండి. విజయవాడ నుంచి నాగపూరుకు రెండుసార్లు పోయి వస్తే రెండున్నర వేల కిలోమీటర్లు దాటుతాయి. ఆ దూరంలో ఆయిల్ గంటల తరబడి వేడి మీద ఉండి చెమ్మను వదులుతుంది, రింగులు లోడు మీద ఒదుగుతాయి, రాలవలసిన లోహంలో ఎక్కువ భాగం రాలిపోతుంది. ఆ తర్వాత, తయారైన నెల నుంచి ఆరు నెలలు నిండకముందే, ఆయిలూ ఫిల్టరూ మార్పించండి. అప్పటికి మీటరు 4,500 దగ్గర ఉంటుంది. వెయ్యికే దించి ఉంటే, రింగులు ఒదగక ముందే కొత్త ఆయిల్ పోసినట్లయ్యేది. ఇరవై వేల వరకు ఆగితే, ఏడాది వయసుకు దగ్గరవుతున్న ఆయిల్‌తో, దానిలో తేలుతున్న మొదటి అరుగుదల రజనుతో నడిపినట్లయ్యేది. రెండవ మార్పు నుంచి పుస్తకం ప్రకారమే వెళ్లండి.

ఆ మొదటి రెండు లోడులు నడిపే డ్రైవర్‌కు కొన్ని మాటలు తప్పక చెప్పండి. పెద్ద గేరులో ఇంజన్‌ను ఈడ్పించకూడదు, ఘాట్ రోడ్డు ఎక్కుడు రాకముందే గేరు దించాలి. గంటల తరబడి ఒకే వేగంతో కాకుండా వేగాన్ని హెచ్చుతగ్గులు చేస్తూ నడపాలి. భోజనానికి ఆగినప్పుడు ఇంజన్‌ను ఊరకే తిరగనీయకూడదు. పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయకూడదు, టర్బో బేరింగుకు ఆయిల్ చేరడానికి కొంత సమయం ఇవ్వాలి. ఈ జాగ్రత్తలు లేకపోతే ఆయిల్ ఎప్పుడు మార్చినా ఫలితం ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

ఏ ఆయిల్ పోయాలన్నది మార్చే సమయం కంటే ముఖ్యమైన విషయం. మీ లారీ పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. పట్టిన మసిని అది కాల్చుకోగలదు, కానీ ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం, జింకు వంటి లోహాల నుంచి వచ్చే బూడిదను కాల్చుకోలేదు. ఆ బూడిద అందులోనే పేరుకుంటుంది. అందుకే బీఎస్-6 బండ్లకు తక్కువ బూడిదనిచ్చే ఆయిల్ కావాలి. డీజిల్ ఇంజన్ ఆయిళ్లకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) పెట్టిన, 2016 డిసెంబరులో వచ్చిన సీకే-4 ప్రమాణంలో ఈ బూడిద ఒక శాతానికి మించకూడదు. నాన్నగారి లారీకి వాడగా మిగిలిన పాత రకం డబ్బా మీద కూడా 15డబ్ల్యూ-40 అనే రాసి ఉండవచ్చు, కానీ ఆ అంకెలు చిక్కదనాన్ని మాత్రమే తెలుపుతాయి. ప్రమాణం పేరును, కంపెనీ ఆమోదపు సంఖ్యను పుస్తకంతో అక్షరం అక్షరం సరిచూసుకుని పోయించండి. మొదటి మార్పును తొందరపడి ముందే చేసి తప్పు ఆయిల్ పోసిన బండ్ల కంటే, పుస్తకం ప్రకారం ఆగి సరైన ఆయిల్ పోసిన బండ్లే బాగున్నాయి.

మార్చే రోజున మీరు దగ్గర ఉండండి. బండి సమతలం మీద నిలిచి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చాంబర్ నట్టు విప్పాలి, అప్పుడే అడుగున దిగినది ఆయిల్‌తో కలిసి వస్తుంది. ధార సన్నబడగానే నట్టు బిగించకుండా చుక్కలు ఆగేవరకు, కనీసం పావుగంట, ఓపిక పట్టాలి. రాగి వాషరు కొత్తది వేయాలి. నట్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది, వేలితో నలిపితే కాటుకలా మెత్తగా ఉంటే అది సహజమైనదే. గోరుకు తగిలే తునకలు, మెరిసే రేకులు ఉంటే దాచి వర్క్‌షాపు వారికి చూపించండి. పాత ఫిల్టరును పారవేయకుండా కోయించి, లోపలి కాగితపు మడతలను విప్పి ఎండలో చూడమని నేను ప్రతి కొత్త బండి యజమానికీ చెబుతాను. ఇంజన్ తొలి నడక ఎలా సాగిందో ఆ మడతలలో చాలావరకు కనిపిస్తుంది.

చివరిగా ఒక మాట. ఇంజన్ ఆయిల్ గురించి ఇంత చర్చ జరిగే ఇళ్లలో కూడా గేరు బాక్సు, వెనుక హౌసింగ్‌ల ఆయిల్ గురించి ఎవరూ అడగరు. వెనుక ఇరుసు మధ్యనుండే ఆ హౌసింగ్‌లో క్రౌను, పినియన్ అనే రెండు గేర్ల పళ్లు కొత్తలో ఒకదానికొకటి ఒదిగేటప్పుడు గణనీయంగా లోహం రాలుతుంది. ఇంజన్‌కు ఉన్నట్లు అక్కడ చాలా బండ్లలో ఫిల్టరు ఉండదు, రాలినదంతా అదే ఆయిల్‌లో తిరుగుతూ పళ్ల మధ్యకూ బేరింగుల లోపలికీ పోతుంది. వీటి మొదటి మార్పుకు పుస్తకంలో వేరే గడువు ఉంటుంది. కొన్ని బండ్లకు అది తరువాతి మార్పుల కంటే చాలా ముందుగా వస్తుంది, దానిని ఒక్క రోజు కూడా దాటించవద్దు. హౌసింగ్‌కు చెప్పిన ఆయిల్‌ను గేరు బాక్సులో పోయనీయవద్దు. పళ్ల మీద విపరీతమైన ఒత్తిడిని తట్టుకోవడానికి అందులో కలిపే గంధకపు రసాయనాలు గేరు బాక్సులోని ఇత్తడి రింగులను తినివేసే ప్రమాదం ఉన్నది.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ క్వారీలో నా కొత్త టిప్పర్ నడుస్తున్నది. రోజుకు పది గంటలు ఇంజన్ ఆగదు, కానీ తిరిగేది 80 కిలోమీటర్లు మాత్రమే. పుస్తకంలోని కిలోమీటర్లు చేరేసరికి ఏడాది పట్టేలా ఉన్నది. అదీ కాక, ఒక స్నేహితుడి సలహాతో ఆయిల్ నమూనాను ల్యాబుకు పంపితే సిలికాన్, రాగి ఎక్కువగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఇంజన్ పాడైనట్లేనా?

జవాబు: మీ బండికి కిలోమీటర్ల లెక్క వర్తించదు. టిప్పర్లు, కాంక్రీటు కలిపే బండ్లు, ఇంజన్ శక్తితో పంపులు నడిపే ట్యాంకర్లు ఒకచోట నిలబడే పనిచేస్తాయి కాబట్టి, వాటికి గంటల గడువును చూడాలి. మీ పుస్తకంలో 500 గంటలని ఉన్నదనుకుందాం. రోజుకు పది గంటల చొప్పున అది యాభై రోజులలో నిండుతుంది, అప్పటికి మీటరు మీద 4,000 కిలోమీటర్లే ఉంటాయి. 20,000 కిలోమీటర్ల కోసం ఎదురుచూస్తే ఆ ఆయిల్ 2,500 గంటలు పనిచేసినట్లవుతుంది. గంటల మీటరు బండిలో ఉంటే దానిని చూడండి. లేకపోతే రోజూ స్టార్ట్ చేసిన సమయం, ఆపిన సమయం డ్రైవర్ చేత ఒక పుస్తకంలో రాయించండి. క్వారీ వంటి కఠినమైన పనికి పుస్తకంలో విడిగా తక్కువ గడువు రాసి ఉంటుంది. చాలామంది చదవకుండా వదిలే పేజీ అదే.

ల్యాబు రిపోర్టు చూసి కంగారు పడకండి, అలాగని పక్కన పెట్టవద్దు. కొత్త ఇంజన్‌లో సిలికాన్ రెండు దారులలో రావచ్చు. మూతలు, చాంబర్ బిగించేటప్పుడు పూసే సీలెంట్‌లో సిలికాన్ ఉంటుంది, అది మొదటి ఆయిల్‌లోకి కొంత దిగుతుంది, దానివల్ల హాని లేదు. రెండవ దారి దుమ్ము, అది ప్రాణాంతకం. ఈ రెండింటినీ వేరు చేయాలంటే మిగిలిన అంకెలను కలిపి చూడాలి. సిలికాన్‌తో పాటు అల్యూమినియం కూడా పెరిగి, రింగుల నుంచి వచ్చే క్రోమియం, లైనర్ల నుంచి వచ్చే ఇనుము కూడా ఎక్కువగా ఉంటే, రాతిపొడి గాలితో పాటు లోపలికి పోయి అరగదీస్తున్నదని అనుమానించాలి. సిలికాన్ ఒక్కటే ఎక్కువగా ఉండి, తరువాతి మార్పులో అది సగానికి పడిపోతే అది సీలెంటే. రాగి విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. ఆయిల్‌ను చల్లబరిచే కొత్త కూలరు గొట్టాల లోపలి రాగి మొదట్లో ఆయిల్‌లోకి కరుగుతూ, రానురాను తగ్గిపోతుంది. రాగితో పాటు సీసం కూడా పెరిగితే మాత్రం బేరింగులను చూపించాలి. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పలేము, వరుసగా మూడు రిపోర్టులు ఉంటే చెప్పగలము.

నేను పనిచేసిన చోటికి ఒకసారి ఏడాది కూడా నిండని టిప్పర్ వచ్చింది, పొగ కక్కుతూ, లీటర్ల కొద్దీ ఆయిల్ తాగుతూ. యజమాని ఎంతో శ్రద్ధగలవాడు, చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మార్పించేవాడు, బిల్లులన్నీ తెచ్చి చూపించాడు. విప్పి చూస్తే ఎయిర్ ఫిల్టరుకూ టర్బోకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం క్లిప్పు వదులుగా ఉన్నది. వేలు దూరని ఆ సందులోంచి నెలల తరబడి క్వారీ దుమ్ము లోపలికి పోయింది. అన్ని డబ్బాల మంచి ఆయిల్ ఆ ఇంజన్‌ను కాపాడలేకపోయిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీరు ఈ రోజే ఆ గొట్టం పొడవునా చేత్తో తడమండి, క్లిప్పులు బిగించండి, గొట్టం లోపలి వైపు తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు దుమ్ము అంటితే ఆయిల్ సంగతి తరువాత, ముందు ఆ దారి మూయించండి. ఎయిర్ ఫిల్టరును రోజూ తీసి నేలకేసి కొట్టడం, కంప్రెసర్ గాలి బలంగా పెట్టడం కూడా మాన్పించండి. కాగితం చిరిగితే దాని గుండా ఏమి పోతున్నదో కంటికి కనిపించదు. దుమ్ము సూచిక ఎర్రగా మారినప్పుడు కొత్తది వేయడమే మంచిది.

ప్రశ్న: సిద్దిపేట దగ్గర మా ఊరిలో కూరగాయలు తోలడానికి నా భర్త చిన్న గూడ్స్ బండి కొన్నారు. మొదటి సర్వీసు ఉచితమన్నారు, తీరా వెళితే ఆయిల్‌కు డబ్బు అడిగారు. అదే పని ఊళ్లో మెకానిక్ దగ్గర చేయిస్తే తక్కువలో అవుతుంది కదా, చేయించవచ్చా?

జవాబు: అమ్మా, ఉచిత సర్వీసు అంటే చాలా సందర్భాలలో కూలి మాత్రమే ఉచితం, ఆయిల్, ఫిల్టరు ఖరీదు మనమే ఇవ్వాలి. కూపన్ వెనుక ఈ షరతు రాసి ఉంటుంది. అయినా వారంటీ ఉన్నంత కాలం కంపెనీ గుర్తింపు ఉన్న చోటనే, కూపన్‌లో చెప్పిన రోజులలోపే చేయించండి. రేపు ఇంజన్‌కు పెద్ద ఖర్చు వస్తే, సర్వీసు సకాలంలో జరిగిందనడానికి వారి రికార్డే మీకు ఆధారం. ఇప్పుడు మిగిలే కొన్ని వందల రూపాయలు అప్పుడు అక్కరకు రావు. ఆయిల్ ఏ రకం, ఎన్ని లీటర్లు, ఫిల్టరు మార్చారా, మీటరు ఎంత, తేదీ ఏమిటి అన్న ఐదు వివరాలూ బిల్లు మీద ఉండేలా చూసి, సర్వీసు పుస్తకంలో ముద్ర వేయించుకోండి. ఊళ్లోనే తిరిగే చిన్న బండికి కిలోమీటర్ల కంటే నెలల గడువే ముందు వస్తుందని కూడా గుర్తుంచుకోండి. మొదటి సర్వీసులో ఆయిల్‌తో పాటు చక్రాల నట్లు, వెనుక స్ప్రింగు పట్టీల యూ-బోల్టులు తిరిగి బిగించడం, డీజిల్ ఫిల్టరులోని నీరు వదలడం కూడా చేశారో లేదో అడగండి. కొత్త బండిలో పట్టీలు సర్దుకున్నాక యూ-బోల్టులు వదులవుతాయి, కూరగాయల బరువు మీద అది ప్రమాదం.

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. కొత్త లారీ నుంచి దించిన ఆయిల్ ఇంకా బాగానే ఉన్నట్లు కనిపిస్తున్నది. దానిని వడగట్టి మా పాత ట్రాక్టర్‌లో పోసుకోవచ్చా? లేదంటే సెంట్రింగ్ రేకులకు పూయడానికి ఇమ్మని ఒక మేస్త్రీ అడుగుతున్నారు.

జవాబు: ట్రాక్టర్‌లో పోయవద్దు. మొదటి ఆయిల్‌లో ఉన్నది తొలి అరుగుదల రజను, అది గుడ్డతో వడగడితే పోయేది కాదు. కొత్త ఇంజన్ నుంచి ఎంతో జాగ్రత్తగా బయటకు తీసిన దానిని పాత ఇంజన్‌కు పెట్టినట్లవుతుంది. రేకులకు పూయడానికి కూడా ఇవ్వవద్దు. వాడిన ఆయిల్‌లో చర్మానికి, ఊపిరికి చేటు చేసే పదార్థాలు ఉంటాయి, ఆ రేకులను రోజంతా వట్టి చేతులతో మోసేది కూలీలు. ఆ తర్వాత అది వాన నీటితో కాలువల్లోకీ చెరువుల్లోకీ చేరుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, దానిని అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేర్చాలి. ఆయిల్ మార్చిన వర్క్‌షాపులోనే వదిలి రండి, వారు డ్రమ్ములలో పోగుచేసి అటువంటి కేంద్రాలకు పంపుతారు. ఇంటి దగ్గర మార్చుకున్నట్లయితే కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలలోనే నింపి, మూత బిగించి, నీళ్లు గానీ డీజిల్ గానీ కలవకుండా ఉంచి, తరువాత అటు వెళ్లినప్పుడు ఇచ్చి రండి.